ఓయూ దూరవిద్య కేంద్రానికి పేరున్న రామ్‌రెడ్డి గారు అసలు ఏం చేశారు?

గ్రూప్స్ ప్రయాణం (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. నేను గ్రూప్స్‌కి చదువుకుంటూ ఓయూ దూరవిద్యలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేస్తున్నాను. మొన్న అసైన్‌మెంట్లు ఇచ్చి బయటికి వస్తుంటే బోర్డు మీద ‘ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి’ అన్న పేరు దగ్గర కళ్ళు ఆగాయి. ఏడాదిన్నరగా ఆ బోర్డు ముందు నుంచే పోతున్నాను, ఆయన ఎవరని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఫ్రెండ్స్‌ని అడిగితే ‘పాత వీసీ అట’ అన్నారు. నెట్‌లో వెతికితే పదవుల జాబితా దొరికింది. వీసీ, మళ్ళీ వీసీ, మళ్ళీ వీసీ, ఆ తర్వాత చైర్మన్. బిట్ ప్రశ్నకి అది చాలు. నాకు మాత్రం ఆ మనిషి ఏం చేశాడో, ఏం ఆలోచించాడో తెలుసుకోవాలని ఉంది. తెలిసిన పెద్దలు చెప్పండి.

పాత లెక్చరర్ (సోమవారం, రాత్రి 10:05)

అడగాల్సిన ప్రశ్నే అడిగావు బాబూ. నేను డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆయన క్లాసులో కూర్చునే అదృష్టం నాకు లేదు. ఆయన రాసినవి చదివి పాఠాలు చెప్పాను.

పదవులు ముందు చెప్పేస్తాను. కరీంనగర్ జిల్లా మనిషి. ఉస్మానియాలో ప్రొఫెసర్. 1977 నుంచి 1982 దాకా అక్కడే వీసీ. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇవాళ్టి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీకి, మొదటి వీసీ. 1985లో ఢిల్లీలో ఇగ్నోకి, అంటే దేశమంతటికీ పెట్టిన ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకి, కూడా మొదటి వీసీ ఆయనే. 1991లో దేశంలోని యూనివర్సిటీలకి నిధులు, ప్రమాణాలు చూసే యూజీసీకి చైర్మన్ అయ్యారు. 1995లో పోయారు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అందుకే ఆయన మనకి బోర్డు మీద పేరుగా మిగిలిపోయారు. ఆయన మొదట పరిశోధకుడు. పరిశోధించింది పంచాయతీరాజ్. 1959లో రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్ పెట్టిన రెండో రాష్ట్రం మనది. గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్ అని మూడంచెలు. అధికారం ఊరికి వచ్చిందని అందరూ సంబరపడుతున్న రోజుల్లో, ఊళ్ళో ఎవరి చేతికి వచ్చిందని ఆరా తీసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. కె. శేషాద్రి గారితో కలిసి ఓటరు మీద, పంచాయతీరాజ్ మీద పుస్తకం రాశారు. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్, గ్రామాభివృద్ధి ఎలా నడిచాయో ఆయన రాసిన అధ్యయనాన్ని 1974లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ అచ్చువేసింది. ఊరికి వచ్చిన డబ్బు, సిమెంటు, అప్పులు ఏ ఇంటి దాకా వెళ్తున్నాయి, ఏ ఇంటి ముందు ఆగిపోతున్నాయి అన్నదే ఇలాంటి చదువుల్లో అసలు ప్రశ్న.

అదే మనిషి తర్వాత ఓపెన్ యూనివర్సిటీ పెట్టడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. మిగతాది రేపు రాస్తాను, కళ్ళు సహకరించడం లేదు.

కృష్ణా తీరం (సోమవారం, రాత్రి 10:31)

ఓపెన్ యూనివర్సిటీ ఎన్టీఆర్ గారి హయాంలో వచ్చింది కదండీ? మా నాన్న ఎప్పుడూ అదే చెప్పేవారు.

పాత లెక్చరర్ (మంగళవారం, ఉదయం 6:20)

కృష్ణా తీరం గారూ, చాలామందికి ఉన్న పొరపాటే ఇది. యూనివర్సిటీ పుట్టింది 1982 ఆగస్టులో. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ గారు. ఆయన పదవిలో ఉన్నది ఆరేడు నెలలే. సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు. ఎన్టీఆర్ గారు గెలిచింది 1983 జనవరిలో. మీ నాన్నగారిది పూర్తిగా తప్పనీ అనలేం. ఆ యూనివర్సిటీ నిలదొక్కుకున్నది ఎన్టీఆర్ ప్రభుత్వం రోజుల్లోనే. 1985లో రామ్‌రెడ్డి గారు ఢిల్లీ వెళ్ళాక వీసీగా వచ్చినవారు సినారె. అంబేద్కర్ గారి పేరు పెట్టింది 1991లో.

ఇంకో సంగతి. దాని మొదటి చిరునామా హైదరాబాదు కాదు, నాగార్జునసాగర్. దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీ డ్యామ్ పక్కన మొదలైంది.

కృష్ణా తీరం (మంగళవారం, ఉదయం 7:02)

సాగర్ సంగతి అస్సలు తెలియదు. మాది మాచర్ల దగ్గరే, ఇన్నేళ్ళుగా ఒక్కరూ చెప్పలేదు! థాంక్స్ మాస్టారూ.

పెన్సిల్ రాతలు (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను, మా అమ్మ గురించి.

అమ్మ ఎనిమిదిలో ఉండగా చదువు మాన్పించి పెళ్ళి చేశారు. నేను, తమ్ముడు హైస్కూల్‌కి వచ్చాక నల్గొండలో మా వీధిలో ఒకావిడ చెప్పింది, టెన్త్ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే ఓపెన్‌లో డిగ్రీ చేయొచ్చని. నాన్న మొదట నవ్వారు. తర్వాత దరఖాస్తు ఆయనే తెచ్చారు. అమ్మ మా సోషల్, సైన్స్ పుస్తకాలు చదివి ఆ పరీక్ష పాసైంది. బి.ఏ.లో చేరింది. ఆదివారం ఆదివారం డిగ్రీ కాలేజీలో క్లాసులు ఉండేవి. ఆదివారం వంట శనివారం రాత్రే సగం అయిపోయేది. నాన్న స్కూటర్ మీద దింపి వచ్చేవారు.

ఆ పుస్తకాలు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. పాఠం మొదట్లో ఇది చదివాక మీకు ఏమేం తెలియాలో రాసి ఉండేది. మధ్యమధ్యలో ప్రశ్న అడిగి, జవాబు రాసుకోమని ఖాళీ గీతలు వదిలేవారు. అమ్మ ఆ గీతల మీద పెన్సిల్‌తో రాసేది, పెన్నుతో కాదు. ఎందుకంటే ఆ పుస్తకాలే తర్వాత పిన్నికి ఇవ్వాలి. పరీక్షలు అయిపోయాక రెండు రోజులు కూర్చుని రబ్బరుతో మొత్తం చెరిపింది. చెరిపినా పిన్నికి అక్కడక్కడా అమ్మ రాత కనపడేదట. ‘అక్క జవాబు చూసే రాశాను’ అని పిన్ని ఇప్పటికీ అంటుంది.

పరీక్ష హాల్లో తన పక్కన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, ముందు బెంచీలో ఒక కానిస్టేబుల్ కూర్చునేవారట. అందరికీ పెళ్ళిళ్ళయి పిల్లలున్నారు, అందరికీ పరీక్షంటే టెన్షనే. అమ్మ హాల్ టికెట్ బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది.

ఇదంతా ఒక మనిషి ఆలోచనలోంచి వచ్చిందని ఇవాళే తెలిసింది. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఆయన పేరు చెప్తాను.

గ్రూప్స్ ప్రయాణం (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ ఖాళీ గీతల పుస్తకాలు నా దగ్గరా ఉన్నాయి. కోఠిలో పాత పుస్తకాల షాపులో కొన్నాను. మా బ్యాచ్‌లో తెలుగు మీడియం వాళ్ళందరం అకాడమీ పుస్తకాలతో పాటు అవే చదువుతాం. ఎవరివో పాత జవాబులు పెన్నుతో రాసి ఉన్నాయి. ఇప్పుడు ఆ రాత చూస్తే వేరేగా అనిపిస్తోంది.

పాత లెక్చరర్ (మంగళవారం, సాయంత్రం 5:50)

పెన్సిల్ రాతలు అమ్మాయీ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. నేను ఒక స్టడీ సెంటర్‌లో కొన్నేళ్ళు ఆదివారాలు కౌన్సెలర్‌గా పనిచేశాను. అలాంటి విద్యార్థులే నా ఎదురుగా ఉండేవాళ్ళు. వారమంతా చెప్పే రెగ్యులర్ క్లాసు కంటే ఆ రెండు గంటలకే ఎక్కువ ప్రిపేర్ అయి వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే వాళ్ళ ప్రశ్నలు బతుకులోంచి వచ్చేవి. సర్పంచ్‌కి ఉన్న చెక్ పవర్ గురించి చెప్తుంటే, వెనక బెంచీలోంచి ఒక వార్డు మెంబరు లేచి మా ఊళ్ళో ఇలా జరిగింది సార్, ఇది చట్టమేనా అని నిలదీశాడు. పుస్తకం మూసి అరగంట అదే మాట్లాడుకున్నాం.

ఆ ఖాళీ గీతల వెనక పెద్ద ఆలోచనే ఉంది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో పుట్టింది. పాఠమే మాస్టారులా మాట్లాడాలి, ఆగి ప్రశ్న అడగాలి, చదివేవాళ్ళు జవాబు రాసుకుని సరిచూసుకోవాలి అన్నది వాళ్ళ పద్ధతి. మన దగ్గర అంతకుముందు ఉన్న కరస్పాండెన్స్ కోర్సులంటే క్లాసు నోట్సు పోస్టులో పంపడమే. ఓయూలో కరస్పాండెన్స్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ 1977లో మొదలైంది, ఆయన వీసీ అయిన ఏడే. ఇప్పుడు ఆయన పేరున్నది దానికే. ఐదేళ్ళ తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో ఆయన ఆ పద్ధతి దాటి వెళ్ళారు. పోస్టులో వచ్చే పాఠాలకి ఊరి దగ్గరి కాలేజీలో స్టడీ సెంటరు, రేడియోలో పాఠాలు తోడయ్యాయి. డిగ్రీ చదువు తెలుగులో. అన్నిటికంటే ముఖ్యం, గేటు దగ్గర సర్టిఫికెట్ అడగకపోవడం.

ఆ రోజుల్లో దీన్ని సాటి ప్రొఫెసర్లే ఒప్పుకోలేదు. ఇంటర్ లేనివాడికి డిగ్రీ ఏమిటి, యూనివర్సిటీ పరువేం కావాలి అన్నవాళ్ళని నేనే స్టాఫ్ రూముల్లో విన్నాను.

ఊరి సంగతులు (మంగళవారం, రాత్రి 8:44)

లెక్చరర్ సార్ పంచాయతీరాజ్ పుస్తకాల గురించి చెప్పారు. నాకు ఇంకొకటి గుర్తొచ్చింది, మీరు దాటేశారు. 1985లో ఆయన, జి. హరగోపాల్ గారు కలిసి ‘ఏషియన్ సర్వే’ అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇంగ్లీషు వ్యాసమే, శీర్షికలో మాత్రం మన మాట ఉంది: ‘పైరవీకార్’. నేను ఎం.ఫిల్ చేసేటప్పుడు లైబ్రరీలో అది చూసి కుర్చీలోంచి లేచినంత పనయింది. మా ఊళ్ళో రోజూ వినే మాట అంతర్జాతీయ పత్రిక శీర్షికలో!

పైరవీకార్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. ఏ కాగితం ఏ టేబుల్ మీద ఉందో, ఏ గుమస్తా ఎప్పుడు సీట్లో ఉంటాడో, సంతకానికి ఎంత అవుతుందో తెలిసినవాడు. అంతవరకైతే దళారీ అని తిట్టి వదిలేయొచ్చు. ఆ వ్యాసం గొప్పతనం ఏమిటంటే, అలాంటివాడు ఎందుకు పుడతాడని అడగడం. ఆఫీసుకీ పేదవాడికీ మధ్య ఉన్న దూరంలోంచి పుడతాడు. రూల్స్ పేదవాడికి అర్థమయ్యే భాషలో ఉండవు, ఆఫీసర్ అతనితో మాట్లాడడు, ఇవ్వాల్సినవి తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అదే ఏడాది ఇద్దరూ కలిసి చిన్న రైతుల అభివృద్ధి సంస్థ పథకం మన రాష్ట్రంలో ఎలా నడిచిందో కూడా పుస్తకంగా తెచ్చారు.

మా తాతకి సబ్సిడీ గేదె వచ్చిన సంగతి చెప్తాను. లోను మంజూరైందని తెలిసింది కూడా పైరవీకార్ నోటి నుంచే. బ్యాంకుకి తీసుకెళ్ళింది అతనే, వేలిముద్ర వేయించింది అతనే, గేదెని చూపించింది అతనే. తాత చేతికి కాగితం ఒక్కటి రాలేదు. ఆ గేదె ఒక ఈత కూడా ఈనకుండా చచ్చిపోయింది, అప్పు మాత్రం మా నాన్న తీర్చాడు. తాత అతన్ని ఎప్పుడూ తిట్టలేదు. ‘వాడు లేకపోతే మనల్ని లోపలికి రానిచ్చేటోడెవడు?’ అనేవాడు. ఆ వ్యాసం చదివాక ఆ మాట నాకు అర్థమైంది.

నా ఉద్దేశంలో ఓపెన్ యూనివర్సిటీ కూడా అదే ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు. ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోయేవాణ్ణి చూసిన మనిషి, కాలేజీ గుమ్మం దగ్గర ఆగిపోయేవాణ్ణి చూడకుండా ఎలా ఉంటాడు?

నిజం మాట్లాడుదాం (మంగళవారం, రాత్రి 10:18)

అందరి మాటలూ మనసుకి తగిలాయి. ఒక బాధ నేనూ చెప్పాలి, కోపం తెచ్చుకోకండి.

నేను ఓపెన్‌లోనే డిగ్రీ చేశాను. ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి, సర్టిఫికెట్ చూసి, ‘ఓహ్, ఓపెనా’ అని మూసేశారు. తర్వాత ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటర్ లేకుండా డిగ్రీ చేసినవాళ్ళకి నోటిఫికేషన్లలో వచ్చే అడ్డంకులు వేరే. తలుపు తెరిచారు సరే, లోపలికి వెళ్ళినవాళ్ళకి బయట గౌరవం దొరికేలా చూడాల్సింది ఎవరు?

రెండోది, ఆయన యూజీసీ చైర్మన్‌గా ఉన్నప్పుడే జస్టిస్ పున్నయ్య కమిటీ వేశారు. యూనివర్సిటీలు తమ ఖర్చులో మొదట 15 శాతం, పదేళ్ళకి 25 శాతం సొంతంగా రాబట్టుకోవాలని ఆ కమిటీ చెప్పింది. సొంతంగా అంటే చివరికి ఎవరి జేబులోంచి? ఫీజుల రూపంలో మన దగ్గర నుంచే కదా. పేదవాడి కోసం తలుపు తీసిన మనిషి హయాంలో ఇది ఎలా జరిగింది?

పాత లెక్చరర్ (బుధవారం, ఉదయం 6:45)

నిజం మాట్లాడుదాం గారూ, కోపం ఎందుకొస్తుంది, అడగాల్సినవే అడిగారు. ఆ ఇంటర్వ్యూ సంగతి చదివి బాధేసింది.

యూజీసీ సంగతి ముందు. 1991 అంటే దేశం దగ్గర విదేశీ చెల్లింపులకి డబ్బులేని ఏడు. సంస్కరణలు మొదలయ్యాయి. ప్రైమరీ చదువుకి డబ్బు పెట్టండి, పైచదువు తన ఖర్చు తాను చూసుకోవాలి అన్న వాదన బలపడింది. ఆ గాలిలో యూజీసీ కుర్చీలో కూర్చోవడం చిన్న పరీక్ష కాదు. కమిటీ స్కాలర్‌షిప్పులు, ఫీజు సహాయం గురించి కూడా చెప్పింది, ప్రభుత్వం ప్రధాన బాధ్యత వదులుకోకూడదనీ చెప్పింది. తర్వాత ప్రభుత్వాలు వాటిలో తమకి అక్కరకొచ్చింది తీసుకున్నాయి. అయినా మీ ప్రశ్న కొట్టేయలేను. 25 శాతం అన్న అంకె ఒకసారి కాగితం మీదికి వచ్చాక అది ఎక్కడికి నడుస్తుందో పైరవీకార్ గురించి రాసిన మనిషికి తెలిసి ఉండాల్సింది. ఇది ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను.

కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత కొలిచే న్యాక్ కూడా ఆయన కాలంలోనే, 1994లో వచ్చింది. చాలా కాలేజీల గేట్ల మీద కనిపించే గ్రేడు అక్కడ మొదలైంది. ఓపెన్ డిగ్రీకి గౌరవం లేదన్న మీ బాధకి, చదువు నాణ్యతని బయటివాళ్ళు కొలవాలన్న ఆ ఆలోచనకి సంబంధం ఉంది. ఏ యూనివర్సిటీ అయినా పేరుని బట్టి కాకుండా పనిని బట్టి గుర్తింపు పొందాలన్నది దాని ఉద్దేశం. అది మీ ఇంటర్వ్యూ గదిదాకా రాలేదు, అది నిజం.

మైదాన్‌గఢీ నుంచి (బుధవారం, ఉదయం 11:30)

ఢిల్లీలో ఇగ్నో పక్కనే అద్దెకి ఉంటాను, మాది అనంతపురం. ఒక మాట కలుపుతాను. ఇగ్నో 1985లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. 1987లో చదువులు మొదలుపెట్టినప్పుడు ఉన్నవి రెండే డిప్లొమాలు, విద్యార్థులు 4,528 మంది. ఆ రెంట్లో ఒకటి మేనేజ్‌మెంట్. రెండోది దూరవిద్యలోనే డిప్లొమా. అంటే దూరం నుంచి చదువు ఎలా చెప్పాలో ముందు చెప్పేవాళ్ళకి నేర్పారు. నాకు అది చాలా నచ్చింది. బి.ఏ. పెట్టి లక్షలమందిని చేర్చుకోగల అవకాశం ఉండి కూడా ఆ పని ముందు చేశారు. ఇవాళ అక్కడ చదివేవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

క్యాంపస్ చూడ్డానికి వస్తే పెద్దగా సందడి కనపడదు. విద్యార్థులు అక్కడ ఉండరు కదా, దేశమంతా ఉంటారు.

ఊరి సంగతులు (బుధవారం, మధ్యాహ్నం 12:10)

గ్రూప్స్ తమ్ముడికి పరీక్షకి పనికొచ్చేది ఒకటి. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో కులం, వర్గం, ఆధిపత్యం మీద ఆయన ఒక పెద్ద అధ్యాయం రాశారు. ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్, ఎం.ఎస్.ఎ. రావు సంపాదకత్వంలో వచ్చిన సంపుటంలో ఉంటుంది. పైకులాలు తమ పట్టు వదలకుండానే మిగతావాళ్ళని కాస్త కాస్త సర్దుకుంటూ రాజకీయం ఎలా నడిపాయో అందులో చూడొచ్చు. సర్దుబాటు రాజకీయం అని పేరు పెట్టారు దానికి. రాష్ట్ర రాజకీయాల మీద ఎస్సే వస్తే అది చదివినవాడి జవాబు వేరుగా ఉంటుంది.

గ్రూప్స్ ప్రయాణం (బుధవారం, రాత్రి 9:30)

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. రెండు రోజుల క్రితం నాకు ఆయన నాలుగు పదవులు. ఇప్పుడు పైరవీకార్ వ్యాసం ప్రింట్ తీసుకుని పెట్టుకున్నాను, ఇవాళ సగం అయింది.

ఒక సాయం కావాలి. అశోక్‌నగర్‌లో నేను తినే మెస్ నడిపే ఆంటీ తొమ్మిదో తరగతి దాకా చదివారు. మేం పుస్తకాలు టేబుల్ మీద పెడితే తిప్పి చూస్తుంటారు. ఇవాళ రామ్‌రెడ్డి గారి సంగతి, పెన్సిల్ రాతలు అక్క వాళ్ళమ్మ సంగతి చెప్పాను. గిన్నెలు కడుగుతూ అంతా విన్నారు. చివర్లో ‘నలభై మూడేళ్ళకి కూడా చేర్చుకుంటారా?’ అని అడిగారు. ఆమెకి ఏం చెప్పాలి?

పెన్సిల్ రాతలు (బుధవారం, రాత్రి 10:02)

వయసు అడ్డం కాదని చెప్పు తమ్ముడూ. కానీ ఒకటి జాగ్రత్త. అమ్మ రాసినప్పటి రూల్స్ ఇప్పుడు అలాగే లేవు, ప్రవేశాల నిబంధనలు మారుతూ వచ్చాయి. ముందు దగ్గర్లో ఉన్న స్టడీ సెంటర్‌కి వెళ్ళి ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఏముందో కనుక్కో. అర్హత పరీక్ష దారి లేదంటే ఓపెన్ స్కూల్‌లో టెన్త్, తర్వాత ఇంటర్ కట్టించు. కొంచెం ఆలస్యమవుతుంది, కానీ తర్వాత ఉద్యోగం దగ్గర ఇబ్బంది రాదు. నిజం మాట్లాడుదాం గారు చెప్పింది అందుకే గుర్తుంచుకోవాలి. ఆధార్, పుట్టినతేదీ కాగితం, పాత స్కూల్ టీసీ ఉంటే అదీ తీసుకెళ్ళండి.

అమ్మకి నిన్న ఫోన్ చేశాను. ఆయన పేరు రెండుసార్లు చెప్పించుకుంది. మీ మెస్ ఆంటీ సంగతి ఇప్పుడే చెప్తే, ఆమె నంబర్ అడుగుతోంది. నాకు మెసేజ్ పెట్టు, అమ్మ ఆదివారం మాట్లాడుతుందట.